కల్నల్ పోయాడా, కెర్నల్ పోయిందా?

"ఈ హాసెల్‌విగ్‌లో ఎవడైనా ధైర్యంగా నేరం చేయాలంటే ముందు నన్ను చంపాలి!"

ఆవిరి గదిలో పై బల్ల మీద, నడుముకు తువ్వాలు మాత్రం చుట్టుకుని, సింహాసనం ఎక్కినవాడిలా కూర్చుని ప్రకటించాడు తోర్కిల్ మంకెబో.

"నన్ను చంపితే ఆ హంతకుణ్ణి పట్టుకోగల మెదడు ఈ తీరం మొత్తంలో ఇంకొకటి లేదు. ఆ సంగతి నేరస్థులకు తెలుసు. అయినా ఇన్నేళ్లుగా ఒక్కడూ నా మీద చెయ్యి వేయలేదు. దాని అర్థమేమిటి?"

"నిన్ను చంపే తీరిక ఎవడికీ లేదని," అన్నాడు కింది బల్ల మీద కూర్చున్న వీగో.

"భయం, వీగో! భయం!"

వీగో గరిటెడు నీళ్లు తీసి కాలుతున్న రాళ్ల మీద పోశాడు. బుస్సుమని లేచిన ఆవిరికి తోర్కిల్ నోరు కాసేపు మూతపడింది. ఇన్నేళ్ల స్నేహంలో వీగో కనిపెట్టిన ఉపాయం అదొక్కటే.

తోర్కిల్‌ను ఊరంతా ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. సముద్రపు పాయ వెంట తిరిగే బస్సుల్లో ఆయన ఉద్యోగమంతా టికెట్ ఇన్‌స్పెక్టరుగానే గడిచింది. పదవీ విరమణ రోజున ఇన్‌స్పెక్టర్ అన్న మాటను ఇంటికి తెచ్చుకుని, టికెట్ అన్న మాటను బస్సులోనే వదిలేసి దిగిపోయాడు. ఆ మర్నాడే ఒక భూతద్దం, మడమల దాకా వేలాడే కోటు కొన్నాడు. కిందటి చలికాలం ఈ ఆవిరి గది ఉన్న గుడిసెలో ఎవరిదో ఎడమకాలి రబ్బరు చెప్పు పోతే వారం పాటు నిఘా వేశాడు. ముగ్గుర్ని అనుమానించాడు. ఒకరితో మాటలు మానేశాడు. చివరికి, ఆయన కాళ్లకే రెండూ ఎడమ చెప్పులున్నాయని వీగో చూపించాడు. "నేరస్థుడు నా పాదాల దగ్గరే దాక్కున్నాడు. ఎంత తెలివి!" అన్నాడు తోర్కిల్.

చలికాలపు ఈతగాళ్ల సంఘానిది ఆ గుడిసె. చెక్క వంతెన చివర, నీళ్ల మీదికి నిలబడి ఉంటుంది. మంచు తేలే నీళ్లలో మునగడం, కేకలు పెడుతూ పైకెక్కడం, ఆవిరి గదిలో ఒళ్లు కాచుకోవడం, మళ్లీ వెళ్లి మునగడం. సంఘం కార్యక్రమం మొత్తం అంతే. ఇప్పుడు ఆ చోటు మీద పడవల క్లబ్బు కన్ను పడింది. పడవలను ఎత్తి ఒడ్డున పెట్టే క్రేను అక్కడ నిలుపుతామని ఆ క్లబ్బు అధ్యక్షుడు, సైన్యంలో కల్నల్‌గా చేసి వచ్చిన ఫ్లెమ్మింగ్ క్రోగ్, పురపాలక సంఘానికి అర్జీ పెట్టాడు. చలికాలంలో ఆ గుడిసెకు పోయేది ఇద్దరు ముగ్గురు తిక్కవాళ్లు మాత్రమేనని అందులో రాశాడు.

ఆ మాటకు జవాబు చెప్పే బాధ్యత ఇంగెలీస్ తీసుకుంది. ఆమె ఇదే ఊళ్లో భూగోళం చెప్పి రిటైరైన టీచరు. మూడు చలికాలాలుగా ఏ రోజు నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, ఎంతమంది మునిగారో కంప్యూటర్లో ఎక్కిస్తూ వచ్చింది. సాయంత్రం క్లాసులకు పోయి ప్రోగ్రాములు రాయడం కూడా నేర్చుకుంది. "మాటలు చెబితే పురపాలక కమిటీ వినదు, అంకెలు చదివితే కునుకు తీస్తుంది, గీత గీసి చూపిస్తేనే కళ్లు విప్పుతుంది," అని ఆమె నమ్మకం. ఆ గీత ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి కమిటీ ముందు గోడ మీద పడాలి.

పడకపోతే ఏమవుతుందో వీగో ఆలోచించదలచుకోలేదు. భార్య పోయిన దగ్గర్నుంచి అతను రోజు మొత్తంలో ఆడే నాలుగు మాటలూ ఆ బల్లల మీదే ఆడుతున్నాడు. అవీ ఎక్కువగా తోర్కిల్‌ను నోరు మూసుకోమనడానికే. అయినా అవి మాటలే కదా.

పక్క గదిలో వీగో ఫోను మోగింది. తోర్కిల్ ఒక్క దూకు దూకి అందుకున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ మంకెబో!"

"అయ్యో, నువ్వా? వీగో లేడా? నేను ఇంగెలీస్‌ని. కొంప మునిగింది. కెర్నల్ చచ్చిపోయింది!"

తోర్కిల్ తువ్వాలు జారిపోయింది. ఆయన పట్టించుకోలేదు.

"ఎప్పుడు?"

"పొద్దున కాఫీ తాగుతూ ఉండగా. నా వల్ల కావడం లేదు, మీరిద్దరూ తొందరగా రండి. ఎవరికీ చెప్పకండి, ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేను."

"దేన్నీ ముట్టుకోకు!" అని ఫోను పెట్టేసి, తలుపు దగ్గరికి వచ్చిన వీగో భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్, కల్నల్ హత్య!"

"ఎవరన్నారు?"

"హంతకురాలే! ఇంగెలీస్ నోటితో చెప్పింది, కల్నల్ చచ్చిపోయింది అని."

"కల్నల్ అయితే చచ్చిపోయాడు అనాలి కదా?"

"నువ్వూ గమనించావన్నమాట! చచ్చిపోయింది, అంది. ఆయన్ని మనిషిగా కూడా లెక్క వేయలేదు. గుడిసె మీద కన్నేసినవాడు కదా! పగ ముదిరితే వ్యాకరణం కూడా తప్పుతుంది వీగో. అందులోనూ టీచరమ్మ!"

వీగోకు ఎక్కడో తేడా కొట్టింది. కానీ తోర్కిల్ అప్పటికే ఒంటి మీద నూలుపోగు లేకుండా మంచులోకి నడుస్తున్నాడు. ముందు ఆయనకు ప్యాంటు తొడగడం అవసరమనిపించింది.

దారి పొడవునా తోర్కిల్ చెత్త డబ్బాల చాటున నక్కుతూ నడిచాడు. వీగో మామూలుగా రోడ్డు మధ్యలో నడిచాడు. ఎదురైన వాళ్లందరూ వీగోకు నమస్కారం పెట్టి, చెత్త డబ్బాలకు కూడా, "బాగున్నావా ఇన్‌స్పెక్టర్?" అని పలకరించి పోయారు.

ఇంగెలీస్ తలుపు తీసింది. జుట్టు ముడిలో పెన్సిలు, కళ్ల కింద నలుపు.

"ఎక్కడుంది?" అన్నాడు తోర్కిల్ గొంతు తగ్గించి.

"వంటింట్లో, బల్ల మీద."

"బల్ల మీదే వదిలేశావా?"

"ఒళ్లో పెట్టుకోమంటావా? ఒకటే వేడెక్కిపోతోంది."

తోర్కిల్ వీగో చెవిలో గుసగుసలాడాడు. "ఒళ్లు ఇంకా వేడిగా ఉంది. ఎంతో సేపు కాలేదు."

వంటింటి బల్ల మీద సగం తిన్న నల్ల రొట్టె, దాని మీద లివరు ముద్ద, చల్లారిన కాఫీ, మూత తెరిచిన ల్యాప్‌టాప్ ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెర మీద అక్షరాలు చూశాడు వీగో. కెర్నల్ చనిపోయింది, మళ్లీ మొదలవుతోంది, అని ఉంది. అతనికి విషయం అర్థమైపోయింది.

"తోర్కిల్, ఒక్క మాట..."

"సాక్షులు అడిగినప్పుడు మాట్లాడాలి!" అని తోర్కిల్ మోకాళ్ల మీద కూలబడి బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు.

ఇంగెలీస్ ఆయన వంక చూడలేదు. పొద్దున్నుంచి ఎవరికైనా చెప్పుకోవాలని దాచుకున్న బాధంతా ఒక్కసారిగా కక్కేసింది.

"నిన్నటిదాకా నిక్షేపంలా ఉంది. ఇవాళ దిగుమతి దగ్గరికి వచ్చేసరికి కూలిపోతోంది."

"దిగుమతి!" బల్ల కింద నుంచి వినిపించింది. "రేవు! దొంగ సరుకు! అలా చెప్పు!"

"గీతలు గీసే లైబ్రరీ ఉంది కదా, దాన్ని దిగుమతి చేయమంటే చాలు, చస్తోంది. అసలు ఆ లైబ్రరీ ఎక్కడుందో కూడా దానికి తెలిసినట్టు లేదు."

"పోస్టాఫీసు పక్కన ఉంది. పొద్దున్నే చూశాను," అన్నాడు తోర్కిల్ పైకి లేస్తూ. తల బల్లకు తగిలి కాఫీ కప్పు గంతేసింది.

"నాకైతే పైథాన్ మీదే అనుమానంగా ఉంది," అంది ఇంగెలీస్.

తోర్కిల్ ముఖంలో రంగు మారింది. "పైథానా? ఇంట్లోనా?"

"రెండున్నాయి. పాతది ఉండగానే కొత్తది తెచ్చుకున్నాను. ఏ పని ఏది చేస్తోందో తెలియక చస్తున్నాను."

తోర్కిల్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "రెండు కొండచిలువలు! వదిలేసే ఉంచావా వాటిని?"

"కట్టేయడానికి అవేమన్నా కుక్కలా?"

వీగో మఫ్లరు చివర నోట్లో కుక్కుకున్నాడు. చెప్పాలనే ఉంది. కానీ చాలాకాలంగా అతని కడుపులోంచి ఇలాంటి నవ్వు రాలేదు. దాన్ని ఆపడానికే ఊపిరంతా సరిపోతోంది.

"నిజం చెప్పు ఇంగెలీస్," అన్నాడు తోర్కిల్ కుర్చీ మీద నుంచి, న్యాయమూర్తి గొంతుతో. "నువ్వే చంపావా?"

"రెండుమూడుసార్లు నేనే చంపాను. మిగతావన్నీ దానంతట అదే చచ్చింది."

"రెండు... మూడుసార్లా?"

"ఏం చెయ్యను మరి! చంపి లేపితే బాగుపడుతుందేమోనని చంపాను. లేస్తుంది, దిగుమతి అనగానే మళ్లీ పడిపోతుంది."

తోర్కిల్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఇన్నేళ్లు బస్సుల్లో తిరిగాను. ఇంత ఘోరం ఎక్కడా చూడలేదు."

"అన్నిటికంటే ఆ కిటికీ! అది ఒక్కసారి తెరుచుకుంటే చాలు నాకు. ఎంత తన్నుకున్నా తెరుచుకోవడం లేదు."

"అంటే హంతకుడు పారిపోయే దారి మూసేశాడన్నమాట!" తోర్కిల్ కుర్చీ మీద నుంచే ఒంగి, నీళ్ల తొట్టి పైనున్న వంటింటి కిటికీని రెండు చేతులతో బలంకొద్దీ తోశాడు. వెన్నలా తెరుచుకుంది. దాని గట్టు మీద ఉన్న పూలకుండీ బయటికి ఎగిరిపోయింది. "ఇదిగో, తెరుచుకుందే! అబద్ధం!"

"నా జెరేనియం!" అని ఇంగెలీస్ కేక పెట్టింది.

బయట నుంచి ఎవరో గట్టిగా తిట్టుకోవడం వినిపించింది. మరుక్షణం తలుపు మీద దబదబ మోత. వీగో వెళ్లి తీశాడు.

గుమ్మంలో కల్నల్ ఫ్లెమ్మింగ్ క్రోగ్ నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, తెల్లటి మీసం, టోపీ మీద మట్టి, చేతిలో వేళ్లతో సహా జెరేనియం మొక్క.

"ఇంగెలీస్ గారూ, మీ కిటికీలోంచి ఇది వచ్చి నా ముందు పడింది. ఇంకొక్క అడుగు ముందుకు వేసి ఉంటే నేను పోయేవాణ్ణి."

కుర్చీ మీద నుంచి తోర్కిల్ పెట్టిన కేకకు కిటికీ అద్దాలు అదిరాయి. కింద పడ్డాడు, లేచాడు, గోడకు ఆనుకున్నాడు. తర్వాత వృత్తిధర్మం గుర్తొచ్చి ముందుకు నడిచి, కల్నల్ మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

"కల్నల్ గారూ," అన్నాడు ఎంతో మర్యాదగా, "మీరు చనిపోయారు. దయచేసి పడుకోండి."

కల్నల్ మిగతా ఇద్దరి వంక చూశాడు. "ఇతనికి ఒంట్లో బాగా లేదా?"

వీగో నోట్లోంచి మఫ్లరు తీశాడు. "కల్నల్ కాదు తోర్కిల్, కెర్నల్! కంప్యూటర్లో ప్రోగ్రామును నడిపించే భాగం. పైథాన్ అంటే ఆ ప్రోగ్రాము రాసే భాష. లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, దాన్ని తెచ్చుకోవడమే దిగుమతి. కిటికీ అంటే తెర మీద గ్రాఫు కనిపించే చట్రం. ఎవరూ చావలేదు, ఎవరినీ ఏ పామూ మింగలేదు. గ్రాఫు రావట్లేదు, అంతే."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

కల్నల్ మీసం కింద నవ్వు మెల్లగా విచ్చుకుంది. "అలాగా! గ్రాఫు రావట్లేదా? పాపం. అయితే మూడింటికి కలుద్దాం." మొక్కను జాగ్రత్తగా వీగో చేతిలో పెట్టి, టోపీ మట్టి దులుపుకుని వెళ్లిపోయాడు.

తెరిచిన కిటికీలోంచి చలిగాలి కొడుతోంది.

"శత్రువుకు కబురు మనమే అందించాం," అంది ఇంగెలీస్. కుర్చీలో కూలబడి, ఫైళ్లున్న ఫోల్డరు తెరిచి, ఏం వెతుకుతోందో తనకే తెలియకుండా ఒక ఫైలు మీద నొక్కి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

"చేత్తో గీస్తే?" అన్నాడు వీగో.

"మూడు చలికాలాల అంకెలు వీగో! గీయడం పూర్తయ్యేసరికి ఆ క్రేనుకు తుప్పు పడుతుంది."

తోర్కిల్ మాత్రం గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. ఓటమిని ఆయన ఒంటి మీద ఎక్కువసేపు నిలవనివ్వడు.

"ఇప్పుడు అసలు కేసు మొదలైంది! కెర్నల్‌ను ఎవరు చంపారు? అది చస్తే లాభం ఎవరికి? కల్నల్‌కి! అంటే కల్నలే కెర్నల్‌ను చంపాడు! వేలిముద్రలు కీబోర్డు మీదే ఉంటాయి!"

"తోర్కిల్, నీకు పుణ్యం ఉంటుంది, ఇంటికి పో," అంది ఇంగెలీస్.

ఆ మాట పూర్తయ్యేలోగానే ఆయన అల్మారాలోంచి కోకో పొడి డబ్బా తీసి, మూత ఊడబీకి, కీబోర్డు మీద దులిపేశాడు. తెల్లటి మీటలన్నీ నల్లగా అయిపోయాయి.

తోర్కిల్ భూతద్దం పెట్టి ఒంగాడు. "దొరికింది! ఇదిగో, కొవ్వు మరక. మనవాడు లివరు ముద్ద పూసిన రొట్టె తింటాడు. హడావిడి మనిషి. రొట్టె సగం తిని వదిలేసే రకం!"

"అది నేనురా!"

"అయితే ఒప్పుకున్నట్టేనా?"

"తీసేయ్! ఆ పొడి తీసేయ్! లోపలికి పోతే మొత్తం తగలబడుతుంది!"

తోర్కిల్ కంగారుపడి మెడలోని మఫ్లరు లాగి తుడవడం మొదలుపెట్టాడు. బస్సు అద్దం తుడిచినట్టు పైవరుస నుంచి కిందికి, ఈ చివర నుంచి ఆ చివరకు, ఒత్తి ఒత్తి తుడిచాడు. ల్యాప్‌టాప్ టింగుమంది, టకటకమంది, ఇంకోసారి టింగుమని ఊరుకుంది. ఎవరూ తెర వంక చూడలేదు. ఇంగెలీస్ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

వీగో మెల్లగా వెళ్లి కిటికీ మూశాడు. కొత్త కాఫీ కాచి ఆమె ముందు పెట్టాడు.

"ఇంకొక్కసారి చూడు," అన్నాడు.

"పొద్దున్నుంచి చూస్తూనే ఉన్నాను."

"ఒక్కసారి. నేను అడుగుతున్నానుగా."

వీగో ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఇంగెలీస్ ముక్కు తుడుచుకుని, గ్రాఫు గీసే ప్రోగ్రామును ముందుకు తెచ్చి, కోకో పట్టిన మీట ఒకటి నొక్కింది. చచ్చిపోయిందన్న మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆ మాట రాలేదు. తెర మధ్యలో తెల్లటి చట్రం ఒకటి పుట్టింది. దాని ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నీలం గీత ఒకటి, పాయలో అల లేచి పడినట్టు సాగింది.

"తెరుచుకుంది!" అని అరిచింది ఇంగెలీస్. "కిటికీ తెరుచుకుంది!"

"ఇందాక తెరిచింది నేనే కదా," అన్నాడు తోర్కిల్ నీళ్ల తొట్టి వైపు చూపిస్తూ.

ఇంగెలీస్ ఆయన్ని కౌగిలించుకుంది, కోకోతో సహా. ఆయన ఆ గౌరవాన్ని అలవాటైనవాడిలా స్వీకరించి, జెరేనియం కోసం కొత్త కుండీ వెతకడానికి పెరట్లోకి వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే ఇంగెలీస్ ఫోల్డరు వంక చూసి, కళ్లద్దాలు సర్దుకుని, "వీగో, ఇటు రా," అంది.

ఫోల్డర్లో ఒక ఫైలుకు ఏ భాషలోనూ పలకడానికి వీల్లేని పేరు ఉంది. అచ్చులు లేవు, అన్నీ హల్లులు, మధ్యలో కొన్ని అంకెలు.

"ఇది నేను క్లాసులో చేరిన కొత్తలో రాసుకున్న సాధన ఫైలు," అంది ఆమె నెమ్మదిగా. "అంకెలు లెక్కపెడుతూ పోతుంది. ఎక్కడ ఆగాలో చెప్పడం అప్పటికి నాకు రాదు. నిన్న సాయంత్రం ఫైళ్లన్నీ సర్దుతూ దీన్ని కూడా ఇక్కడ పడేశాను. దీనికి నేను పెట్టిన పేరు ఏమిటో తెలుసా? గీతలు గీసే ఆ లైబ్రరీ పేరే!"

"పెడితే?"

"ప్రోగ్రాము లైబ్రరీని పిలుస్తుంది. అదే పేరుతో పక్కనే ఇది కూర్చుని ఉంది. అసలుదాన్ని వదిలేసి దీన్ని పట్టుకునేది. ఇది ఆగకుండా లెక్కపెట్టేది, పాపం కెర్నల్ ఊపిరాడక చచ్చేది. ఇప్పుడు పేరు మారిపోయింది కాబట్టి దీని అడ్డు తొలగింది."

"పేరు ఎవరు మార్చారు?"

ఇద్దరూ బల్ల మీదున్న మఫ్లరు వంక చూశారు. పైవరుసలో పేరు మార్చే మీట, మధ్యలో అక్షరాలు, కుడిపక్కన సరే అనే మీట. మఫ్లరు అన్నిటినీ వరుసగా నొక్కుకుంటూ పోయింది.

"చెబుదామా తోర్కిల్‌కి?" అంది ఇంగెలీస్. "తుడుపుతో కేసు తేల్చావని?"

"వద్దు," అన్నాడు వీగో. "ఈసారి కేసుకు సబ్బునీళ్లు కూడా తెస్తాడు."

మూడింటికి పురపాలక భవనంలో కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు మారెన్ హోల్క్ ముందు దాల్చినచెక్క రొట్టెల పళ్లెం ఉంది. కల్నల్ క్రోగ్ లేచి క్లుప్తంగా మాట్లాడాడు. ఈతగాళ్ల సంఘంవారు ఏదో గ్రాఫు తెస్తామన్నారని, తనకు తెలిసినంతవరకు అలాంటిదేమీ లేదని, కాబట్టి కాలయాపన అనవసరమని చెప్పి కూర్చున్నాడు.

ఇంగెలీస్ ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టరు తీగ తగిలించింది. గోడ నిండా నీలం గీత పరుచుకుంది.

ఆమె చెప్పినట్టే కమిటీ కళ్లు విప్పింది. నీళ్లు చల్లబడే కొద్దీ మునిగేవాళ్ల గీత కిందికి పోలేదు, పైకి లేచింది. కల్నల్ మీసం సర్దుకున్నాడు. మారెన్ హోల్క్ రొట్టె పళ్లెంలో పెట్టేసి ముందుకు ఒంగింది.

"ఇదేమిటి?" అని వేలు చూపించింది. "కిందటి నవంబరులో, ఇక్కడ ఒక్కరోజు కొమ్ములా లేచింది?"

ఇంగెలీస్ వీగో వంక చూసింది. వీగో తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆ రోజేం జరిగిందో ఇద్దరికీ తెలుసు. కానీ ఆవిరి గదిలో మాట తలుపు దాటకూడదన్నది సంఘానికున్న ఏకైక నియమం.

జలుబుతో ఆ రోజు ఇంట్లో పడుకున్న తోర్కిల్‌కు మాత్రం ఏమీ తెలియదు. ఆయన ఒక్క ఉదుటున లేచాడు.

"నేను చెబుతాను! అది నకిలీ అంకె!"

"తోర్కిల్, కూర్చో!" అంది ఇంగెలీస్ పళ్ల బిగువున.

"నిజం దాచను! నా సొంత సంఘమైనా సరే! ఆ వాతావరణంలో అంతమంది నీళ్లలోకి దిగడం అసంభవం. ఎవరో దొంగ లెక్క ఎక్కించారు. ఇందులో పెద్ద మోసం ఉంది!"

గది గుప్పున గుసగుసలతో నిండింది. మారెన్ హోల్క్ కనుబొమలు ముడిపడ్డాయి. వీగో కళ్లు మూసుకున్నాడు. గుడిసె, బల్లలు, రాళ్ల మీద లేచే ఆవిరి, అన్నీ ఆ చీకట్లో ఒక్కొక్కటిగా మాయమవుతున్నట్టు అనిపించింది.

"అది దొంగ లెక్క కాదు."

కల్నల్ లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రగా కందిపోయింది.

"ఆ రోజు ఎదురుగాలికి నా పడవ తిరగబడింది. వంతెనకు కొద్ది దూరంలోనే. గుడిసెలో ఉన్నవాళ్లందరూ ఒంటి మీద బట్టల్లేకుండానే నీళ్లలోకి దూకారు. ఒడ్డున నడుస్తున్నవాళ్లు కూడా దూకారు. నన్ను లాక్కొచ్చి ఆ పై బల్ల మీద కూర్చోబెట్టారు. నా వణుకు తగ్గేదాకా రాళ్ల మీద నీళ్లు పోస్తూ కూర్చున్నది ఇదిగో, ఈ వీగో." గొంతు సవరించుకున్నాడు. "పడవల క్లబ్బు అధ్యక్షుడు పడవలోంచి పడ్డాడంటే బాగుండదని, ఎవరికీ చెప్పొద్దని నేనే బతిమాలాను. వీళ్లు చెప్పలేదు. నేను అర్జీ పెట్టాక కూడా చెప్పలేదు. ఇప్పుడు వీళ్ల లెక్కను దొంగ లెక్క అంటుంటే కూర్చుని వినలేను."

కల్నల్ గోడ మీది ఆ కొమ్ము వంక చూశాడు.

"నన్ను కూడా లెక్కలో వేశారా?" అని ఇంగెలీస్‌ను అడిగాడు.

"నీళ్లలో దిగినవాళ్లందర్నీ వేశాం," అంది ఇంగెలీస్. "మీరు తలకిందులుగా దిగారు. అయినా వేశాం."

ముందు నవ్వింది మారెన్ హోల్క్. తర్వాత కమిటీ. ఆఖరున, మీసం అదిరేలా, కల్నల్ స్వయంగా. క్రేనుకు చేపల గిడ్డంగి వెనక వేరే చోటు చూసుకుంటామని ఆయన అన్న మాటను రాసుకుని, కమిటీ దాల్చినచెక్క రొట్టెల మీదికి వెళ్లింది.

వాళ్లు బయటికొచ్చేసరికి వెలుతురు తగ్గింది. పాయ బూడిదరంగులో నిశ్చలంగా ఉంది. ఎవరూ అనుకోకుండానే ముగ్గురి కాళ్లూ వంతెన వైపు నడిచాయి. ఇంగెలీస్ లోపల పొయ్యి రాజేస్తూ ఉండగా, వీగో, తోర్కిల్ తువ్వాళ్లతో మెట్ల దగ్గరికి వచ్చారు.

"ఏరా," అన్నాడు తోర్కిల్, "ఈ కేసు ఎలా ఛేదించానో అడగవేం?"

"ఎలా ఛేదించావు?"

తోర్కిల్ చూపుడువేలు పైకెత్తాడు. ఛాతీ విరిచాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది గానీ మాట రాలేదు. వేలు మెల్లగా కిందికి దిగింది.

"నిజం చెప్పమంటావా?"

"చెప్పు."

"నాకూ తెలియదురా."

వీగో నవ్వాడు. ఒంగి, మోకాళ్లు పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వాడు. ఆ నవ్వు నీళ్ల మీదుగా అవతలి ఒడ్డు దాకా పోయి తిరిగొచ్చింది. లోపల నుంచి ఇంగెలీస్ ఏమైందని తొంగిచూసింది.

తోర్కిల్ కాసేపు ఆ నవ్వును చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఎందుకో చాలా సంతోషంగా అనిపించింది.

"సరే సరే, చాల్లే," అన్నాడు. "మెట్టు మీద మంచు పేరుకుంది, చూసి దిగు. నా వెనకాలే రా. ఎక్కడ అడుగు పెట్టాలో నాకు..."

వాక్యం పూర్తి కాలేదు. కాలు జారి, తువ్వాలుతో సహా, దభీమని నీళ్లలో పడ్డాడు. వీగో ముక్కు మూసుకుని వెనకాలే దూకాడు.